బాకాపూల పుట్టిల్లు

మిగులు 1

ఆఖరి గంప ఈవేళ పాతేశాను. నడుము నాది కాదన్నట్టుంది. అయినా చిట్టా రాయకుండా పడుకుంటే మడి అలుగుతుందని మా అమ్మ నమ్మకం. అమ్మ పోతూ పోతూ ఆ నమ్మకం నాకు అంటించిపోయింది. కాబట్టి రాస్తున్నాను. సంజవాడ గడ్డలమడి, చూసుకునే మనిషి తాయారు.

గడ్డ ఎంత ఎత్తుంటే దానికి మూడింతల లోతు గుంట. అడుగున గుప్పెడు ఇసుక, నీళ్ళు నిలవకుండా. ముక్కు పైకి ఉండాలి. చూడటానికి ఉల్లిపాయల్లాగే ఉంటాయి కానీ పొరపాటున కూరలో పడితే ఇంటిల్లిపాదీ వాంతులతో పడుకోవలసిందే. ఆ రసానికి నా వేళ్ళ సందులు అప్పుడే దురద పెడుతున్నాయి. పెట్టనీ. చీకటి వైపు పుట్టింట్లో ఉండి వచ్చిన పిల్లలు, వాటి చాకిరీ చెయ్యక ఎవరి చాకిరీ చేస్తాను.

దీనితో పాత ఏడు లెక్క అయిపోయింది. ఇక మొదటి బాకాపువ్వు విచ్చేదాకా మిగులు రోజులే. ఇవి ఏ ఏడాదివీ కావు. ఈ రోజుల్లో పెళ్ళిళ్ళు పెట్టుకోరు, కొత్త ఇంట్లో పాలు పొంగించరు, పుట్టిన పిల్లకి పేరు పెట్టరు. పువ్వు విచ్చగానే ఊరిపెద్ద అబ్బులు గారు గట్టెక్కి ఇత్తడి బాకా ఊదుతారు, అప్పుడు ఏడు మారుతుంది. మా పొద్దు కదలదు. నేను పుట్టినప్పుడు మేకలపాక చూరు మీద ఎక్కడ కూర్చుందో ఇప్పుడూ అక్కడే కూర్చుంది. ఏడాది అయిపోయిందని ఎవరో ఒకరు చెప్పాలి కదా, ఆ పని మా తాతమ్మలు పువ్వుకి అప్పజెప్పారు.

బండి తోలే దొరబాబు ఆఖరి గంప దింపుతూ జేబులోంచి ఒంటిగడ్డ ఒకటి తీశాడు. ఇతను మా తమ్ముడి కూతురు లోవకుమారి మొగుడు.

"చీకటి వైపు నీడకొట్టులో గోడవార పడుందండి అత్తా. ఎల్లేటప్పుడే ఏ గంపలోంచో జారిపోయినట్టుంది. ఎవరింటిదో తెలీలేదండి," అన్నాడు.

అంటే చీకటిలో ఉన్నన్నాళ్ళూ వట్టి రాతినేల మీదే పడి ఉంది, పైన పేలిక గుడ్డ కూడా లేకుండా. ముట్టుకుంటే జివ్వుమంది. పాపం అనిపించింది. ఇంటిపేరు తెలియని గడ్డని మడిలో పాతే ఆచారం లేదు. మా గుమ్మం పక్కన అంచు పగిలిన కుండ ఉంటే అందులో పెట్టాను.

సైరన్ మోగింది. కిటికీలకు తెరలు దించుకోవాలి. దీన్నే మేం రాత్రి అంటాం.

మిగులు 3

బొంతలు దులిపి ఎండేసి ఎవరివి వాళ్ళకి పంపడంతోనే సరిపోయింది.

కొత్తగా మడిపనికి వచ్చేవాళ్ళ కోసం ఇది కూడా రాసి ఉంచడం మంచిది. ఊళ్ళో ఇంటికో గంప. గడ్డల్ని చీకటి వైపుకి పంపడమంటే కడుపుతో ఉన్న పిల్లని పురిటికి పుట్టింటికి పంపినట్టే మాకు. ఒట్టి చేతుల్తో పంపం. ప్రతి ఇల్లూ తన గంపకో బొంత కుడుతుంది. మా అమ్మ రోజుల్లో గంప అడుగున ఓ పాత గుడ్డ పరిచేవారు, అంతే. పొద్దు నడినెత్తిన ఉండే మండువైపు నుంచి ఎండరాళ్ళ బండి నడవడం మొదలయ్యాక ఊరు కాస్త సుఖపడింది. ఆ రాయి ఒకసారి ఎండ తాగిందంటే నెలల తరబడి వెచ్చగా ఉంటుంది. మా పక్కబొంతల మూల ఒక్కో రాయి కుట్టుకుంటాం. మనకి కుట్టుకున్నప్పుడు పిల్లలకి కుట్టకపోతే బాగుంటుందా? గంపల బొంతలకీ కుట్టారు. అబ్బులు గారింటి బొంతకైతే పట్టు అంచు, రెండు రాళ్ళు. వాళ్ళ గడ్డలు మాత్రం వాళ్ళలాగే గుండ్రంగా ఉంటాయి.

"ఈసారి గంపలో చెయ్యి పెడితే పక్కలో పిల్లని తడిమినట్టుందండి అత్తా. ఎంత ఎచ్చగా పడుకున్నాయో," అన్నాడు దొరబాబు. విని సంతోషించాను. బాగా నిద్రపోయి ఉంటాయి అనుకున్నాను.

లోవ కుట్టిన బొంత అన్నిటికన్నా చిన్నది. నిరుడు పుట్టిన పిల్ల కోసం దాచిన జుబ్బాలు, లంగాగుడ్డలు చిన్న చిన్న ముక్కలు కోసి కలిపి కుట్టింది. ఆ పిల్ల మిగులు రోజుల్లో పుట్టి మిగులు రోజుల్లోనే పోయింది. నిరుడు పువ్వు బాగా ఆలస్యం చేసింది. పోయేనాటికి పిల్లకి పేరు లేదు. విసనకర్రల్లాంటి ఆకులుండే వీవన చెట్ల వెనకాల పాతిన చోట ఏమీ రాయని పలక ఒకటుంది. ఆ పక్కగా వెళ్ళాల్సి వస్తే నేను చుట్టూ తిరిగి వెళ్తాను. రాసిన పలకల్ని చదవగలను కానీ ఆ ఖాళీ పలకని చూడలేను.

ఇప్పుడు లోవకి మళ్ళీ నెలలు నిండాయి. బొంత మడతపెట్టి ఇస్తే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"పువ్వు ఎప్పుడొత్తాదత్తా?" అంది.

"వస్తుందిలేవే," అన్నాను. ఇంకేం అంటాను.

మిగులు 12

ఆకులు వచ్చాయి. ఆకులే వచ్చాయి.

ఇప్పటికి ఆకుల మధ్య కాడ కనపడాలి. మొక్క మొదట్లో రెండు వేళ్ళతో మెల్లిగా నొక్కితే లోపల మొగ్గ శనగగింజలా తగలాలి. మడి ఈ చివరి నుంచి ఆ చివరికి పాక్కుంటూ నొక్కి చూశాను. ఆకు మీద ఆకు, అంతే. నిరుడు పూసినవి కూడా కాడ లేకుండా నేలకి అతుక్కుని పూశాయి. అంతకు ముందేడు సగం పూశాయి. ఇదేదో వచ్చి పోయే జబ్బు కాదని నాకు నిరుడే తెలిసుండాలి. ఎరువు తక్కువైందని మేకపెంట వేశాను. గడ్డలు ఒత్తుగా ఉన్నాయని విడదీసి పాతాను. ఆకులు పండి వాలేదాకా కొయ్యనివ్వలేదు. అన్నీ చేశాను. ఇంకేం కావాలో అడుగుదామంటే నోరున్నవి కావు.

మిగులు 14

లోవకి ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం.

పేరు పెట్టేదాకా ఊళ్ళో ఏ పిల్లయినా బుజ్జే. చూడ్డానికి వెళ్తే లోవ పిల్లని ఇవ్వలేదు. ఇవ్వనన్నట్టు కాదు, చేతులు విడవలేదు. గది నిండా ఎండరాళ్ళు పేర్చి ఉన్నాయి. దొరబాబు గుమ్మం బయట చొక్కా విప్పి కూర్చున్నాడు.

"లోపల కుంపట్లో ఉన్నట్టుందండి. చెప్తే వినదండి," అన్నాడు.

ఈ పిల్ల కూడా పేరు లేకుండా పోతుందేమోనని లోవ భయం. నా భయమూ అదే. ఇక్కడ రాశాను కాబట్టి బయట ఎవరితోనూ అననక్కర్లేదు.

మిగులు 19

ఈరోజు గడ్డ కోశాను.

మా మడిలో ఇంతవరకు ఎవరూ కొయ్యలేదు. తవ్వేటప్పుడు పార తగిలి తెగితేనే తలకి పోసుకునేది మా అమ్మ. మా ఇంటి గంపలోదే ఒకటి తీసి, వేళ్ళకంటిన మట్టి కడిగి, పీట మీద పెట్టి చాలాసేపు కూర్చున్నాను. క్షమించమ్మా అన్నాను. తర్వాత నిలువుగా కోశాను.

లోపల పువ్వు ఉంది.

పొరల మధ్య, వడ్లగింజంత, ఆరు రేకులూ, నడుమ బాకా గొట్టంతో సహా. ఇంకా పసుపెక్కలేదు, పాలమీగడ రంగులో ఉంది. పుట్టింటికి వెళ్ళకముందే, ఎప్పుడో పోయిన ఏటి ఎండలోనే ఆకులు దీన్ని తయారుచేసి లోపల దాచి ఉంటాయి. చావలేదు, ఎండలేదు. ఇంకా నిద్రలేవలేదు, అంతే. నాకు ఏడుపొచ్చింది. సంతోషమో దుఃఖమో నేనే తేల్చుకోలేకపోయాను. తిండి చాలక కాదు, నీళ్ళు చాలక కాదు. నిద్ర పూర్తి కాలేదు. మూడు నెలలు చీకట్లో పడుకోబెట్టినా నిద్ర ఎందుకు చాలలేదు?

మిగులు 20

సమాధానం మా గుమ్మంలోనే ఉంది. దాని పక్కనుంచే రోజూ చెంబు పట్టుకుని వెళ్తున్నాను.

పగిలిన కుండలో ఒంటిగడ్డకి కాడ వచ్చింది. బెత్తెడు పొడవు, నిటారుగా. కొసన పలచటి పొర కింద మొగ్గ. మడిలో వందల గడ్డలకి రానిది, ఎవరిదో తెలియని ఈ ఒక్కదానికి వచ్చింది. దొరబాబుని కేకేసి మళ్ళీ చెప్పించుకున్నాను.

"ఎక్కడ దొరికిందన్నావు?"

"గోడవారండి. రాతి మీద."

"బొంత లేదు కదా?"

"బొంతా లేదు, గడ్డిపరకా లేదండి. మంచుగడ్డలా ఉంది తీసేటప్పటికి."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అతను నెమ్మదిగా కుండ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. గంపలో చెయ్యి పెడితే పక్కలో పిల్లని తడిమినట్టుందన్న మాట అతనికీ గుర్తొచ్చినట్టుంది.

మనం వాటిని పంపేది చీకటికి అనుకున్నాం, విశ్రాంతికి అనుకున్నాం. పుట్టింట్లో ఉన్నది చలి. అవి వెళ్ళేది ఆ చలి కోసం. అది ఒంటికి తగలకుండా ఏటికేడు బొంత మీద బొంత కప్పి, మూలకి రాయి కుట్టి, ఎంత బాగా చూసుకున్నామో అని మురిసిపోయాం.

మిగులు 22

ఊరందరినీ మడికి పిలిచి చెప్పాను. గడ్డల్ని వేళ్ళతో సహా తీసి, ఇసుక పెట్టెల్లో పెట్టి, బొంతల్లేకుండా మళ్ళీ చలికి పంపాలి. మిగులు ఇంకో మూడు నెలలు సాగుతుంది.

అబ్బులు గారు మంచి మనిషి. గట్టిగా కూడా మాట్లాడరు. అందుకే ఆయనకి ఎదురు చెప్పడం కష్టం.

"తాయారమ్మా, ఆడపిల్లని ఒంటి మీద గుడ్డ లేకుండా పంపుతావా? ఒక గడ్డకి కాడొచ్చిందని ఇంతమంది ఇళ్ళ పిల్లల్ని చలిలో పడేద్దామంటున్నావు. అవి పోతే మళ్ళీ ఎక్కడ తెత్తావు?"

"పోవండి. కోసి చూశాను, లోపల పువ్వుంది."

కోశాననేసరికి గుంపులో గుసగుస. పక్కింటి ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకేం చెప్పినా లాభం లేదనిపించి, వచ్చి కుండలో కాడ చూడండి, చూశాక మాట్లాడండి అన్నాను. చూస్తామన్నారు.

మిగులు 26

చూశారు. ఊరు ఊరంతా వచ్చి చూశారు.

మేం ఇంటికొచ్చిన వాళ్ళకి ముందు నీళ్ళిస్తాం. ఎవరింటికైనా వెళ్ళినా, అక్కడ పసిపిల్లో ముసలివాళ్ళో ఉంటే వాళ్ళకి ఓ గుక్క తాగించి కూర్చుంటాం. కుండ దగ్గరికి వచ్చినవాళ్ళు కూడా వచ్చిన మర్యాదకి తలో చెంబు పోసి వెళ్ళారు. నేను మడిలో పెట్టెలకి ఇసుక జల్లించుకుంటున్నాను, చూసుకోలేదు. ఇంటికొచ్చేసరికి కుండలో గడ్డ తేలుతోంది. కాడ పచ్చగానే ఉంది కానీ పట్టుకుంటే చేతిలోకి వచ్చేసింది. గడ్డ అడుగంతా కుళ్ళి మెత్తబడింది. ఇంకో నాలుగు రోజులు ఆగితే ఆ మొగ్గ విచ్చేది. అది ఎవరింటిదైతే ఏం, పువ్వు పువ్వే కదా, అబ్బులు గారిని ఒప్పించి బాకా ఊదించేద్దును.

గుమ్మంలో కూర్చుని నవ్వాను. తర్వాత నవ్వు ఆగలేదు, కళ్ళనీళ్ళూ ఆగలేదు. ఎవరిని తిట్టను? ఒక్కళ్ళు కూడా చెడు చెయ్యాలని రాలేదు.

ఆ కాడ పట్టుకునే లోవ ఇంటికి వెళ్ళాను. వేరే ఎవరికి చెప్పినా వినరు, తనకి చెప్పాలి. గదిలో అదే వేడి. పిల్ల మొహం ఎర్రగా ఉంది. జరిగింది చెప్పాను. కుండ సంగతి, కోసిన గడ్డ సంగతి, బొంతల సంగతి. లోవ పిల్ల నుదురు చేత్తో తడిమి చూసింది. తర్వాత నేను ఊహించని మాట అడిగింది.

"పెద్దదాన్ని కూడా నేనే ఎక్కువ కప్పేసేనా అత్తా?"

గడ్డల గురించి నేను చెప్పిందంతా తను ఎక్కడికి తీసుకెళ్ళిందో అప్పుడు అర్థమైంది.

"కాదే. దాని గుండె సరిగా తయారవకుండా పుట్టింది. డాక్టరమ్మ నీ ఎదురుగానే చెప్పింది. నువ్వు కప్పినా కప్పకపోయినా అంతే. పిల్లలు వేరు, గడ్డలు వేరు," అన్నాను. "నిజం చెప్తున్నాను. నీకు అబద్ధం చెప్పి నేను నిద్రపోలేను."

తను నా మొహం వెతికినట్టు చూసింది. తర్వాత పిల్లని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది, పుట్టాక మొదటిసారి. లేచి రెండు ఎండరాళ్ళు బయట పడేసి, కిటికీ తెరిచింది. పెట్టెలోంచి ఆ చిన్న బొంత తీసింది. మూల కుట్టు పళ్ళతో కొరికి తెంపి, రాయి బయటికి లాగింది.

"మా గంప ముందు పంపు," అంది. "ఏమీ కప్పకు."

మిగులు 28

లోవది బాలింత ఒళ్ళు, బయటికి రాకూడదు. అయినా పిల్లని ఎత్తుకుని బండి దగ్గరికి వచ్చింది. తన ఇంటి పెట్టె తనే బండిలో పెట్టింది. ఇసుకలో గడ్డలు, పైన ఏమీ లేదు. అందరూ చూశారు. ఆ బొంత దేనితో కుట్టిందో ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు.

కాసేపటికి పక్కింటావిడ మడిలోకి వెళ్ళి, తన వరస తవ్వి పెట్టె తెచ్చింది. తర్వాత ఇంకొకరు. అబ్బులు గారు ఆఖర్న వచ్చారు. పట్టు అంచు బొంత మడిచి చంకలో పెట్టుకుని, పెట్టె మాత్రం ఎక్కించారు.

"దొరబాబూ, కుదుపుల్లేకుండా తోలయ్యా," అన్నారు.

మిగులు 31

నేనూ బండిలో వెళ్ళాను. ఇన్నేళ్ళు మడి చూశాను కానీ చీకటి వైపు నేనెప్పుడూ వెళ్ళలేదు. అక్కడి చలి ఎలాంటిదో పెద్దలు చెప్పగా విన్నదే.

పట్టాల మీద బండి పోతుంటే వెనక పొద్దు కొంచెం కొంచెంగా కుంగింది. పొద్దు కుంగడం! ఆ మాట మా పాటల్లో ఉంది, ఎందుకుందో చిన్నప్పుడు ఎవర్ని అడిగినా చెప్పలేదు. ముందు నేల ఎర్రబడింది, తర్వాత నీలంగా, ఆ తర్వాత ఏ రంగూ లేకుండా అయింది. ఊపిరి వదిలితే మొహం ముందు పొగ. చెవులు నావి కాకుండా పోయాయి. దొరబాబు తన కోటు ఇవ్వబోతే వద్దన్నాను. వాటికి లేనిది నాకెందుకు.

నీడకొట్టు రాతి గది, పైకప్పు సగమే ఉంటుంది. పెట్టెలు వరసగా దించి, పైకి చూశాను. ఆకాశమంతా సన్నటి వెలుగు గింజలు.

"ఇవేంటి?" అన్నాను.

"చుక్కలండి అత్తా. ఎప్పుడూ ఉంటాయండి."

ఎప్పుడూ ఉంటాయట. మనకి పొద్దు అడ్డం, అంతే. కాసేపు పెట్టెల పక్కనే నేల మీద పడుకున్నాను. చలి వీపులోంచి లోపలికి వచ్చింది. మొదట భయం వేసింది, తర్వాత ఒళ్ళు నెమ్మదించింది. తలలో గోలంతా ఒక్కొక్కటే అణిగిపోయింది. ఇదా మీ పుట్టిల్లు అన్నాను గడ్డలతో. ఇంత మంచి చోటికి వచ్చి, ఇన్నేళ్ళూ దుప్పటి ముసుగులోనే ఉండిపోయారా పిచ్చిపిల్లల్లారా.

దొరబాబు లేపకపోతే అక్కడే ఉండిపోయేదాన్ని.

మిగులు, లెక్క వదిలేశాను

మడి ఖాళీ. మట్టి తిరగేశాను, ఇసుక కలిపాను. పనిలేని చేతులు నావి, ఎవరింట్లో ఏ మొక్క కనిపించినా ఆకులు తుంపుతున్నానట.

బుజ్జికి జ్వరం.

మిగులు

జ్వరం తగ్గలేదు. డాక్టరమ్మ మందు వేసి, ఇవాళా రేపూ చూద్దాం అంది. ఊరంతా లోవ గుమ్మం ముందు చేరి నేల చూపులు చూస్తోంది. ఎవరికీ పైకి అనే ధైర్యం లేదు కానీ అందరి మనసులో ఆ పలకే ఉంది.

దొరబాబు బండి సిద్ధం చేసుకుని మా ఇంటికి వచ్చాడు. మనిషి సగం అయిపోయాడు.

"ఎల్లి పెట్టెలు తెచ్చేత్తానండి. రెండు నెలలు దాటింది కదా. ఒక్క పువ్వు చాలండి అత్తా. పేరు పెట్టేద్దాం. ఆ తరవాత ఏదైతే అది."

నా నోట్లో సరే అన్న మాట తయారుగా ఉంది. ఇప్పుడు తెస్తే ఒక్కటైనా పూస్తుందో లేదో నాకు నిజంగా తెలియదు. పూయకపోతే లోపలి మొగ్గలు మళ్ళీ అలాగే ఉండిపోతాయి, వచ్చే ఏటికి ఎన్ని బతుకుతాయో చెప్పలేను. అయినా సరే అనేదాన్నే. లోవనే అడుగుదాం అని ఇద్దరం వెళ్ళాం.

లోవ పిల్లకి తడిగుడ్డ వేస్తోంది. పైన బొంత లేదు, రాళ్ళు లేవు, కిటికీ తెరిచి ఉంది. మొగుడు చెప్పిందంతా వింది.

"సగం నిద్రలో లేపితే మళ్ళీ ఇలాగే అవుద్ది కదత్తా?"

"అవ్వచ్చు."

"అయితే ఉండనీ. పేరు పెట్టినంత మాత్రాన జ్వరం తగ్గదు. పేరు నా దగ్గరుంది, ఎక్కడికీ పోదు." గుడ్డ పిండి మళ్ళీ వేసింది. "పడుకోనియ్యండి వాటిని."

దొరబాబు బయటికి వెళ్ళి బండి చక్రం పక్కన కూర్చుని ఏడ్చాడు. నేను అతని పక్కన కూర్చున్నాను. తెర దించే సైరన్ అయ్యేదాకా లేవలేదు.

మిగులు

జ్వరం జారింది. పాలు తాగింది. నా చీర మీదే కక్కింది. ఆ చీర ఉతకబుద్ధి కాలేదు.

మిగులు

గడ్డలు వచ్చాయి. ముట్టుకుంటే ఒక్కొక్కటీ జివ్వుమంటోంది. మూడింతల లోతు, ముక్కు పైకి. అబ్బులు గారు వచ్చి వాళ్ళింటి వరస స్వయంగా పాతారు. వంగలేక రెండుసార్లు మట్టిలో కూలబడ్డారు. మడి నాలుగు మూలలా నీళ్ళు పొయ్యవద్దని పలకలు కట్టాను. చదువు రానివాళ్ళ కోసం చెంబు బొమ్మ వేసి అడ్డంగా గీత గీశాను.

మిగులు

కాడలు. మడంతా కాడలు. ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదు. నేను కూడా చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతున్నాను.

కొత్త ఏడు, మొదటి రోజు

తెర ఎత్తే సైరన్‌కి ముందే లేచి మడికి వెళ్ళాను. మూడో వరసలో ఒకటి విచ్చి ఉంది. మోకాలంత కాడ, పసుపు రేకులు, నడుమ బాకా, పొద్దు వైపే తిరిగి. అది ఎవరింటి వరసో చూడలేదు. ఇప్పటికీ చూడలేదు, చూడను కూడా.

అబ్బులు గారు గట్టెక్కి ఏడు మారిందని బాకా ఊదారు. తర్వాత పేర్లు. మిగులు ఇంత సాగినా ఈసారి పుట్టింది ఒక్క పిల్లే. పేరు చెప్పగానే పేరుకో ఊదు ఊదడం ఆచారం. లోవ పిల్లని ఎత్తుకుని ముందుకి వచ్చింది. పిల్ల చుట్టూ ఆ చిన్న బొంత, జుబ్బాల ముక్కలది. రాయి తీసేసిన మూల నీలం దారంతో మళ్ళీ కుట్టి ఉంది.

"పేరేంటమ్మా?" అన్నారు అబ్బులు గారు.

"కస్తూరి."

బాకా మోగింది. అందరం కస్తూరీ, కస్తూరీ అన్నాం. ఎవరో పిల్ల బుగ్గ నొక్కి, ఏమే కస్తూరీ అన్నారు. గుంపు కదలబోయింది. లోవ కదలలేదు.

"అది పెద్దదాని పేరండి," అంది. "దీని పేరు మాణిక్యం."

పోయిన పిల్లకి పేరు పెట్టడం సంజవాడలో ఎవరూ వినలేదు. అబ్బులు గారు లోవని చూశారు, బొంతని చూశారు. చేతిలో బాకా మూతిని ఉత్తరీయంతో తుడిచారు. అంతసేపు తుడవాల్సినంత మురికి దానికి లేదు.

"పెద్దదాన్నే ముందు పిలవాలమ్మా. మంచి పని చేసేవు," అన్నారు.

రెండోసారి ఊదారు. ఆ ఊపిరి చాలాదూరం పోయింది. దొరబాబు తల వంచుకుని, పెదాలతో రెండు పేర్లూ పక్కపక్కన పలికి చూసుకుంటున్నాడు.

ఆ తర్వాత ముగ్గురం వీవన చెట్ల వెనక్కి వెళ్ళాం. నేను చుట్టూ తిరిగి వెళ్ళలేదు. దొరబాబు పలక మీద పేరు రాశాడు. అతని రాత బాగోదు, స్తూ దగ్గర రంగు కారింది. ఎవరం తుడవలేదు.

"ఇక్కడ ఓ గడ్డ పాతచ్చా అత్తా?" అంది లోవ.

"ఇప్పుడు కాదే. పువ్వు వాడాలి, ఆకులు వాటంతట అవి పండాలి. అప్పుడు తీసి నీకో పెద్దగడ్డ ఇస్తాను. అది మళ్ళీ చలికి వెళ్ళి రావాలి. వచ్చాక పాతుదువుగాని."

"బొంత లేకుండానే కదా?"

"లేకుండానే."

లోవ తలూపింది. చంకలో మాణిక్యం నిద్రపోతోంది. భుజం మీంచి జారిపోతున్న బొంతని పైకి లాగి, పిల్లకి కప్పింది.